వీణ పెట్టెతో జపాన్: మా కచేరీ యాత్ర, వీసా నుంచి పన్ను దాకా

జపాన్‌కు విహారయాత్రకు వెళ్లొచ్చినవారి అనుభవాలు వెతికితే కుప్పలుగా దొరుకుతాయి. వాద్యాలు భుజాన వేసుకుని, పారితోషికం పుచ్చుకుని వాయించడానికి వెళ్లినవారు రాసినవి మాత్రం నాకు కనిపించలేదు. పాస్‌పోర్టులో అంటించే వీసా మీద ఏ తరగతి రాసి ఉంటుందో దాన్ని బట్టి రైలు టికెట్టు నుంచి చీరల మీద పన్ను దాకా అన్నీ మారిపోతాయి. ఇకపై వెళ్లే బృందాలకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

మాది ఐదుగురి కర్ణాటక సంగీత బృందం. గాత్రం అక్కయ్యగారు, వీణ అక్క, వయొలిన్ మాస్టారు, ఘటం తమ్ముడు, మృదంగం నేను. 2024 ఫిబ్రవరిలో టోక్యోలోని ఒక సంగీతాభిమానుల బృందం నుంచి పిలుపు వచ్చింది. అక్టోబరు చివర్లో టోక్యో, క్యోటో, హిరోషిమాలలో కచేరీలు. మధ్యలో ఖాళీ రోజులు ఉంటాయి, చూడవలసినవి చూసుకోండి అన్నారు. ఆ చివరి వాక్యం చదవగానే అందరం సగం ఒప్పేసుకున్నాం.

డబ్బు తీసుకుని వాయించేవారికి పర్యాటక వీసా కుదరదు. కళాకారులకు వేరే తరగతి ఉంది. అది కావాలంటే ముందు పిలిచినవారు జపాన్ ఇమిగ్రేషన్ కార్యాలయంలో దరఖాస్తు పెట్టి, మన పేరున ఒక అర్హత పత్రం తెప్పించాలి. అది చేతికొచ్చాకే ఇక్కడ వీసాకు వెళ్లాలి. ఒప్పందం, పారితోషికం ఎంత, హాలు వివరాలు, మన అనుభవానికి రుజువులు అన్నీ అడిగారు. ఈ రుజువుల దగ్గరే చిక్కంతా. ఊళ్లలో శ్రీరామనవమి పందిళ్లలో వాయించినదానికి ఎవరు కాగితం ఇస్తారు? అటక మీది పెట్టె దింపి పాత ఆహ్వాన పత్రికలు, పేపర్ కటింగులు ఏరాను. సగం చెదలు తినేశాయి. చివరికి అన్నిటికంటే మాకు అక్కరకొచ్చింది ఆకాశవాణి గ్రేడు పత్రం. ప్రభుత్వ ముద్ర ఉన్న కాగితానికి ఏ దేశంలోనైనా గౌరవమే. గ్రేడు ఉన్నవారు దాన్ని భద్రంగా దాచుకోండి.

జూన్ చివర్లో అక్కడ దరఖాస్తు పెట్టారు. జులై గడిచింది, ఆగస్టు గడిచింది. మేము ఇక్కడినుంచి అడగడానికి లేదు, అక్కడివారు తొందర పెట్టడానికి లేదు. టికెట్లు కొనాలంటే భయం, కొనకపోతే రేట్లు రోజురోజుకీ పెరుగుతున్నాయి. శ్రావణమాసం పెళ్లిళ్లలో వాయిస్తూ కూడా ఫోను వైపే చూసేవాణ్ని. సెప్టెంబరు రెండో వారంలో అర్హత పత్రం ఈమెయిల్లో వచ్చింది. కాగితం కోసం కొరియర్ చూసుకోనక్కర్లేదు, ఇప్పుడు ఈమెయిల్ ప్రతితోనే వీసాకు వెళ్లవచ్చు. పత్రం వచ్చాక మూడు నెలల్లోపు జపాన్‌లో అడుగు పెట్టాలి, అందుకని మరీ ముందుగా దరఖాస్తు పెట్టినా ఇబ్బందే. ఆ తర్వాత పని చిటికెలో అయిపోయింది. హైదరాబాదులోని వీసా కేంద్రంలో ఇచ్చిన పాస్‌పోర్టులు వారం తిరిగేసరికి వెనక్కి వచ్చాయి. భారతీయులకు వీసా రుసుము అప్పట్లో చాలా తక్కువ. నెలల తరబడి మమ్మల్ని తినేసింది దానికి ముందున్న ఎదురుచూపే.

ఇక సామాను. మృదంగం విమానంలో పోవడం కొత్త కాదు. వీణ అలా కాదు. బొబ్బిలి పనస కర్రతో చేసిన వీణ, దానికి ఫైబరు పెట్టె. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపితే 225 సెంటీమీటర్లు. మామూలు సామాను కొలత దాటింది కాబట్టి విమానం వాళ్లు అదనంగా వసూలు చేశారు. వీణ మెట్లు మైనంలో కూర్చుని ఉంటాయి. విమానం అడుగున చలికి మైనం బిగుసుకుని పగులుతుందేమోనని అక్క భయం. తీగలు వదులు చేసి, మెట్ల మీద పాత నూలు చీర మడతలు పరిచింది. మాకు తెలియని ఇంకో సంగతి: మృదంగం శ్రుతి చేసుకునే గుండ్రాయి, కొయ్యపుల్ల చేతి సంచిలో ఉంటే భద్రతా తనిఖీలో నిలబెడతారు. మా ముందు వరుసలో ఒకాయన కొబ్బరికాయ విషయంలో గొడవ పడుతుండగా చూసి, నేను రాయిని పెద్ద పెట్టెలోకి మార్చేశాను. ఘటం మాత్రం తమ్ముడు ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాడు. మానామదురై ఘటం బరువు మామూలుగా ఉండదు. తోడుగా తెచ్చిన రెండో ఘటాన్ని దుప్పట్లలో చుట్టి లగేజీలో వేశాం. టోక్యో దగ్గరి నరితా విమానాశ్రయంలో తెరిస్తే అంచు దగ్గర వెంట్రుకవాసి పగులు. వేలితో కొడితే బొంగురు గొంతు. విమానం కంపెనీకి ఫిర్యాదు రాశాం. మట్టికుండకు పరిహారమా అన్నట్టు ఒక మర్యాదపూర్వకమైన జవాబు వచ్చింది, అంతే.

బ్యాంకాక్ మీదుగా అక్టోబరు 18 ఉదయం నరితాలో దిగాం. కస్టమ్స్‌లో మృదంగం సంచి తెరవమన్నారు. తోలు అనగానే నా గుండె దడదడలాడింది, జంతు చర్మాల మీద అక్కడ గట్టి తనిఖీ ఉంటుంది. తయారైన వాద్యమని చూశాక ఆ అధికారి చిన్నగా వేలితో తట్టి చూపించి, వాయించమన్నట్టు సైగ చేశాడు. రెండు చాపు దెబ్బలు వేశాను. ఆయనే జిప్పు మూసి, రెండు చేతులతో సంచి అందించాడు.

అసలు పాఠాలు అక్కడినుంచి మొదలు. మా బంధువుల్లో జపాన్ వెళ్లొచ్చినవారందరూ ఒకటే మంత్రం చెప్పారు: జేఆర్ పాస్ కొనండి, బుల్లెట్ రైళ్లు ఎన్నిసార్లయినా ఎక్కవచ్చు. ఆ పాస్ తాత్కాలిక సందర్శకుల ముద్ర ఉన్నవారికే. కళాకారుల వీసాతో వెళితే ఇవ్వరు. పన్ను లేకుండా వస్తువులు కొనే సౌకర్యమూ అంతే. కెమెరా కొందామని డబ్బు కూడబెట్టుకున్న ఘటం తమ్ముడికి దుకాణంలో పాస్‌పోర్టు చూసి, తల వంచి, సారీ చెప్పారు. పది శాతం పన్నుతోనే కొన్నాడు, ముఖం చిన్నబుచ్చుకుని. పాస్ విషయంలో మాకు నష్టమేమీ లేదని తర్వాత లెక్క వేస్తే తేలింది. 2023 అక్టోబరులో ఏడు రోజుల పాస్ ధర 29,650 యెన్‌ల నుంచి 50,000 యెన్‌లకు పెంచేశారు. టోక్యో నుంచి హిరోషిమా దాకా మజిలీలుగా ఆగుతూ వెళ్లి, ఓసాకా వచ్చినా విడి టికెట్లకు అంత కాలేదు. అప్పటి రేటు ప్రకారం 100 యెన్‌లంటే సుమారు 55 రూపాయలు. లెక్కలు వేసుకోవడానికి అదొక్కటి గుర్తుంటే చాలు.

మమ్మల్ని రక్షించింది తక్క్యూబిన్. హోటల్ కౌంటర్లో గాని, వీధి చివర దుకాణంలో గాని పెట్టె అప్పగిస్తే, మరునాటికి మరో ఊళ్లోని హోటల్‌కు చేరుస్తారు. నల్లపిల్లి తన పిల్లను నోట కరుచుకున్న బొమ్మ ఉన్న బండ్లు వీధి వీధినా తిరుగుతుంటాయి. పెద్ద సూట్‌కేసుకు టోక్యో నుంచి క్యోటోకు రెండున్నర వేల యెన్‌ల పైచిలుకు. పట్టుచీరలు, పంచెలు, తంబురా పెట్టె అన్నీ అలాగే పంపేశాం. చీటీలో ఏ వేళకు అందాలో కూడా రాయవచ్చు, ఆ వేళకే వస్తుంది. కాని మూడు కొలతలు కలిపి 200 సెంటీమీటర్లు దాటితే తీసుకోరు. అంటే వీణను మేమే మోయాలి. టాక్సీలో వెనుక సీటు మీద అడ్డంగా పెడితే ఇంకెవరికీ చోటుండదు, కాబట్టి ఎక్కడికి వెళ్లినా రెండు టాక్సీలు. ఖర్చుల పట్టికలో వీణ అక్క తన వాద్యాన్ని ఆరో మనిషిగా రాసుకుంది, సరిగ్గానే రాసింది.

టోక్యోలో మొదటి సాయంత్రం నిషి కసాయ్ వెళ్లాం. అక్కడ తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఒకరి ఇంట్లో భోజనం, పప్పు, దొండకాయ వేపుడు, పెరుగు. వచ్చేదారిలో భారతీయ సరుకుల దుకాణంలో ఒక పాకెట్ బొంబాయి రవ్వ కొన్నాను. ఉప్మాకు కాదు. మృదంగం ఎడమ మూతకు రవ్వ ముద్ద పెడితేనే ఆ గుమ్మన్న నాదం. ఈ రోజుల్లో చాలామంది దానికి వేరే పదార్థాలు వాడుతున్నారు, నాకు మాత్రం రవ్వే.

అక్టోబరు 20, ఆదివారం, మొదటి కచేరీ. ఒక వార్డు సాంస్కృతిక కేంద్రంలోని హాలు. రెండు వారాల ముందే వేదిక నిర్వాహకుడి నుంచి ఒక పట్టిక వచ్చింది. ఏ కృతి ఎన్ని నిమిషాలు, ఆలాపన ఎన్ని నిమిషాలు, తని ఆవర్తనం, అంటే తాళవాద్యాల వంతు, ఎన్ని నిమిషాలు, అంకెలు నింపి పంపమని. అప్పటికప్పుడు పుట్టే కల్పననే మనం మనోధర్మం అంటాం. వయొలిన్ మాస్టారు జవాబు రాయించారు: “అది ఆ రోజు మనోధర్మాన్ని బట్టి ఉంటుంది.” రెండో రోజే తిరుగు జవాబు వచ్చింది: “చాలా సంతోషం. ఆ రోజు మనోధర్మం సుమారు ఎన్ని నిమిషాలు ఉండవచ్చో దయచేసి తెలియజేయగలరు.” మాస్టారు పడి పడి నవ్వి, తనికి పన్నెండు అని రాయించారు.

మధ్యాహ్నం పన్నెండింటికే రమ్మన్నారు, కచేరీ ఐదింటికి. మన సభల్లో ఐదు గంటల కచేరీకి నాలుగున్నరకు మైకులు పెడుతుంటారు కదా, ఇంత ముందు ఏం చేస్తామని అనుకున్నాం. మా గది తలుపు మీద మా పేర్లు అచ్చువేసి ఉన్నాయి. ఐదు డబ్బాల్లో శాకాహార భోజనం, ఒక్కో డబ్బా మీద ఒక్కొక్కరి పేరు. వేదిక మీద తక్కువ ఎత్తు అరుగు కట్టి, దాని మీద ఎర్రటి ఉన్ని గుడ్డ పరిచారు. దాని మీదికి చెప్పులతో ఎవరూ రారు, మైకులు సరిచేసేవాళ్లు కూడా ప్రతిసారీ బూట్లు విప్పి ఎక్కి, దిగి మళ్లీ తొడుక్కున్నారు. ఆ ఒక్క దృశ్యానికి అక్కయ్యగారి మనసు కరిగిపోయింది. హాలులోని పొడి గాలికి నా మృదంగం కుడి మూత అరగంటలో శ్రుతి పెరిగిపోయింది. కొట్టి దింపి, మళ్లీ కొట్టి దింపి, రవ్వ ముద్ద ఆరకుండా తడిగుడ్డ కప్పి ఉంచాను. వేడి లైట్ల కింద పని ఉన్నవారు ఒక చిన్న నీటి సీసా, ఒక మెత్తటి గుడ్డ వేదిక మీదే పెట్టుకోండి.

అంత పెద్ద హాలులో దగ్గు కూడా వినపడలేదు. ఇక్కడ విజయవాడలో తని వాయిస్తుంటే ముందు వరుసలవాళ్లు తొడల మీద తాళం వేస్తారు, ముక్తాయింపు దగ్గర తలలు ఆడతాయి. వాళ్ల తలలే నాకు దారి దీపాలు. ఆ హాలులో ఎవరి చెయ్యీ కదలలేదు. మొదటి ఐదు నిమిషాలు చీకట్లోకి వాయిస్తున్నట్టే ఉంది. తని అయ్యాక, పల్లవి అందుకుని కృతి ముగిసేదాకా కూడా నిశ్శబ్దమే. చివరి స్వరం పూర్తిగా ఆరిపోయాక, నా చేతులు ఒళ్లోకి దిగాక, అప్పుడు మొదలైన చప్పట్లు ఆగలేదు. వేదిక దిగాక నిర్వాహకుడు తన కాగితం చూపించాడు. పెన్సిలుతో అన్నీ రాసుకున్నాడు: తని 12 నిమిషాల 30 సెకన్లు. రెండు కృతుల మధ్య వీణ శ్రుతి సరిచేసుకోవడం 1 నిమిషం 40 సెకన్లు. నా జీవితంలో నన్ను ఇంత శ్రద్ధగా విన్న మనిషి ఇంకొకరు ఉంటారని నేను అనుకోను. తొమ్మిదిన్నరకు హాలు ఖాళీ చేసి తాళాలు ఇచ్చేయాలి. అభిమానులతో ఫొటోలు బయట, ఫుట్‌పాత్ మీద.

ఆ వారం టోక్యో వీధుల్లో ఇంకో సంగీతం. అక్టోబరు 27న పార్లమెంటు దిగువ సభకు ఎన్నికలు. రైల్లో ఫోను మోగితే సిగ్గుపడే దేశంలో అభ్యర్థుల బండ్లు లౌడ్‌స్పీకర్లతో పేర్లు అరుచుకుంటూ తిరిగాయి. తెల్ల గ్లవ్స్ వేసుకున్న చేతులు కిటికీల్లోంచి ఊపుతూ. మనవాళ్ల ప్రచారం గుర్తొచ్చి మాకు ప్రాణం లేచివచ్చింది.

21న టోక్యోలోనే ఉయెనో. వీణ అక్క జపాన్‌లో చూడాలనుకున్నది ఒక్కటే: సరస్వతి. అక్కడ ఆమెను బెంజైటెన్ అంటారు, చేతిలో బివా అనే తంత్రీవాద్యం ఉంటుంది. షినోబజు చెరువు మధ్యలో దీవి మీద ఆమె గుడి. చెరువు నిండా తామరాకులు పండి వాలుతున్నాయి. గుడి ముందు బివా ఆకారంలో చెక్కిన రాయి నిలబెట్టి ఉంది. అక్క దాని మెడ మీద వేళ్లు వేసి మెట్లు వెతికింది. లోపలి ఎనిమిది చేతుల విగ్రహం మాత్రం మామూలు రోజుల్లో చూపించరు. మూసిన తెర ముందే శ్లోకం చదువుకుంది. 500 యెన్‌లు ఇస్తే పూజారి ఆమె గుడి ముద్రల చిన్న పుస్తకంలో కుంచెతో రాసి, ఎర్ర ముద్ర వేసి ఇచ్చాడు.

మర్నాడు హమమత్సు. కచేరీ ఏమీ లేదు, కేవలం మా కోరిక. యమహా, కవాయ్, రోలాండ్ వాద్యాల కంపెనీలు మూడూ ఆ ఊరివే. 1887లో యమహా తొరకుసు అక్కడి బడిలో పాడైన రీడ్ ఆర్గాన్‌ను బాగుచేయడంతో మొదలైన కథ అది. మన హార్మోనియం వాయించేవాళ్లకు ఆ ఊరు చూపించాలి. బుల్లెట్ రైళ్లలో నొజోమి అనేవి అక్కడ ఆగవు, హికారి అనేవి ఎక్కాలి. టోక్యో నుంచి గంటన్నరలోపే, 8,000 యెన్‌ల దగ్గర. బుల్లెట్ రైల్లో 160 సెంటీమీటర్లు దాటిన సామానుకు ముందే చోటు రిజర్వు చేయాలి, 250 దాటితే అసలు ఎక్కనివ్వరు. వాద్యాలకు ఆ రిజర్వేషన్ నియమం లేదు. అయినా మేము బోగీలో చివరి వరుస సీట్లే అడిగి తీసుకున్నాం. వాటి వెనుక, గోడకు మధ్య ఉన్న ఖాళీలో వీణ పెట్టె ఒదిగిపోయింది. ఇలా అడగాలని టికెట్ కౌంటర్లోని అమ్మాయే చెప్పింది, కాగితం మీద వీణ బొమ్మ గీసి చూపించాక.

అక్కడి వాద్యాల మ్యూజియం స్టేషన్ పక్కనే, టికెట్టు 800 యెన్‌లు. 1995లో పెట్టారు. ప్రపంచంలోని వాద్యాలన్నీ, మన దేశపువి కూడా. పాత పియానోల దగ్గర మాస్టారు కదలనని మొరాయించారు. వాయించి చూసుకోనిచ్చే గది ఒకటి ఉంది, అక్కడ బడిపిల్లల గుంపుతో ఘటం తమ్ముడు ఏదో ఆఫ్రికా డోలు మీద పోటీ పడి ఓడిపోయాడు.

భోజనం గురించి ఒక్క మాట. కూరగాయలతో చేసిందే కదా అని దేన్నీ నమ్మకండి. సూపుల్లో, ఉడికించిన కూరల్లో ఎండు చేప రసం ఉంటుంది. మాకు దిక్కైనవి వీధి దుకాణాల్లో దొరికే పుల్లటి ఊమెబోషి పండు పెట్టిన అన్నం ముద్దలు, మైక్రోవేవ్‌లో రెండు నిమిషాల్లో వేడయ్యే అన్నం పాకెట్లు, తీపి లేని పెరుగు. ఇంటినుంచి తెచ్చిన కందిపొడి, గోంగూర క్యోటో చేరేసరికి అయిపోయాయి. తర్వాత ఏ ఊళ్లోనైనా నేపాలీలు నడిపే భారతీయ హోటళ్లు. నాన్ మాత్రం జపాన్‌లో ముంజేయి పొడవు చేస్తారు.

క్యోటోలో 26న ఒక గుడి మండపంలో కచేరీ. మైకులు లేవు, చాపల మీద కూర్చుని విన్నారు. దాని కంటే దానికి ముందు, 24న చూసిన సంజూసాన్‌గెన్‌దో గురించే ఎక్కువ చెప్పాలి. 1266లో మళ్లీ కట్టిన మందిరం, సుమారు 120 మీటర్ల పొడవు. లోపల కన్నోన్ అనే బోధిసత్వుడి విగ్రహాలు వెయ్యిన్నొక్కటి. టికెట్టు 600 యెన్‌లు, ఫొటోలు తీయనివ్వరు. అందరూ ఆ వెయ్యి విగ్రహాలు చూడడానికి వెళతారు. మేము వాటి ముందు వరుసలో నిలబడ్డ ఇరవై ఎనిమిది మంది పరివార దేవతల దగ్గరే ఆగిపోయాం. ప్రతి విగ్రహం ముందు పలకపై పేరు ఉంది. చదువుకుంటూ వెళుతుంటే ఒక్కొక్కరూ చుట్టాలే. ఇంద్రుడు, బ్రహ్మ, నారాయణుడు. పక్షిముక్కుతో గరుత్మంతుడు, నోటి దగ్గర వేణువు పెట్టుకుని. సర్పదేవత మహోరగుడు బివా వాయిస్తున్నాడు. ఆ కుడిచేతి వేళ్ల వంపు, మీటబోయే ముందు ఆగిన క్షణం, వీణ అక్క తన చెయ్యి పక్కన పెట్టి చూసుకుంది. ఉయెనోలో దేవత చేతిలో చూడలేకపోయిన వాద్యం ఆమెకు ఇక్కడ కళ్లెదుట దొరికింది.

నేను నిలబడింది కిన్నరుడి దగ్గర. డోలు వాయిస్తుంటాడు. కొట్టబోయే చెయ్యి కొద్దిగా వెనక్కి లాగి, మణికట్టు వదులుగా ఉంది. బిగదీసి కొట్టేవాడి చెయ్యి కాదు అది. మా గురువుగారు నా మణికట్టు మీద పుల్లతో తట్టి ఏళ్ల తరబడి నేర్పింది ఆ వదులే. చెక్కినవాడికి వాయించడం వచ్చి ఉండాలి, లేదా వాయించేవాణ్ని గంటల తరబడి చూసి ఉండాలి. ఆ కొసన ఉరుముల దేవుడు, వీపు చుట్టూ వలయంగా డోళ్లు కట్టుకుని. మిగతావాళ్లు బయటకు వెళ్లి పిలుస్తున్నా నేను వరుస మొదటినుంచి మళ్లీ నడిచాను. ఎంతసేపు ఉన్నానో చెప్పలేను, బయట అక్కయ్యగారు మాత్రం చెప్పారు, కాస్త గట్టిగానే.

28న నారా. తోదాయిజీ గుడిలోని బుద్ధ విగ్రహం సుమారు 15 మీటర్లు. 752లో ఆ బుద్ధుడికి కళ్లు తెరిచే ఉత్సవాన్ని జరిపించింది మన దేశం నుంచి 736లో అక్కడికి చేరిన బోధిసేనుడనే భిక్షువు. ఆయన పట్టుకున్న కుంచెకు పొడవాటి నీలిదారం కట్టి, కింద ఉన్నవారంతా ఆ దారం పట్టుకున్నారట. ఆ కుంచె, ఆ దారం ఇప్పటికీ షోసోయిన్ భాండాగారంలో ఉన్నాయి. ఆ ఉత్సవంలో ఆడినవారు, పాడినవారు, వాయించినవారు ఎన్నో దేశాల సంగీతాలు వినిపించారు. అంటే విదేశీ పర్యటనకు వెళ్లిన వాద్యబృందాలలో మా వరుస చాలా వెనక. షోసోయిన్ వస్తువుల ప్రదర్శన ఆ రోజుల్లోనే నారా జాతీయ మ్యూజియంలో జరుగుతోంది. దానికి వేళ నిర్ణయించిన టికెట్లు ముందే కొనాలి, మేము వెళ్లేసరికి లేవు. అక్కడి ఐదు తీగల ప్రాచీన బివా, ఒంటె మీద కూర్చుని వాయించే మనిషి బొమ్మ పొదిగినది, పుస్తకాల దుకాణంలో పోస్టుకార్డు మీద చూసి సరిపెట్టుకున్నాం. అక్టోబరు చివర్లో వెళ్లేవారు ఇంటిదగ్గరే ఆ టికెట్టు చూసుకోండి.

హిరోషిమా కచేరీ 31న. ఆ రోజు దీపావళి. ఉదయం శాంతి స్మారక మ్యూజియం చూడటం పెట్టుకున్నాం. కచేరీ ఉన్న రోజు అక్కడికి వెళ్లవద్దని మీకు గట్టిగా చెబుతాను. బొగ్గైపోయిన టిఫిన్ డబ్బా, అందులో మాడిన అన్నం. మూడేళ్ల పిల్లాడి తుప్పు పట్టిన సైకిలు. బయటకు వచ్చాక నది ఒడ్డున, 2023లో పెట్టిన గాంధీ విగ్రహం దగ్గర చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. సాయంత్రం వేదిక మీద కూర్చున్నాక చేతులు కదలడానికి ఇష్టపడలేదు. అక్కయ్యగారు వేసుకున్న వరుస పక్కన పెట్టి, నిర్వాహకురాలికి క్షమాపణలు చెప్పి, తని తీసేశారు. పట్టిక మార్చడానికి ఆమె ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. కచేరీ అంతా నెమ్మది కాలంలోనే నడిచింది. చివర సౌరాష్ట్రంలో మంగళం పాడాక, ముందు వరుసలో ఒక ముసలావిడ లేచి నిలబడి, చాలాసేపు తల వంచే ఉంది. రాత్రి హోటల్ గదిలో నిషి కసాయ్ వాళ్లు ఇచ్చిన మైసూర్‌పాక్ తలా ఒక ముక్క తిన్నాం. అదే మా దీపావళి.

మర్నాడు మియాజిమా. పడవ 200 యెన్‌లు, పైన సందర్శకుల పన్ను 100. పది నిమిషాల్లో దీవి. నీళ్లలో నిలబడ్డ ఎర్రటి తోరణం ఫొటోల్లో చూసిందే. పోటు మీద ఉన్నప్పుడు వెళితే నీళ్లలో, ఆటు మీద వెళితే బురదలో నడిచి దాని కాళ్ల దగ్గరికే వెళ్లవచ్చు. సమయాలు పడవ రేవులోనే రాసి పెడతారు. పక్కనే దైగంజి గుడి, జపాన్‌లో పేరుపొందిన మూడు బెంజైటెన్‌లలో ఒకటి ఇక్కడే. తలుపులు ఏడాదికి ఒక్కరోజే, జూన్ 17న తెరుస్తారట. వీణ అక్క ఆ తేదీ చదివి, “ఈవిడకి నా మీద ఏదో కోపం” అంది. ఆ పక్కనే ఉన్న ఇత్సుకుషిమా మందిరంలో సముద్రం మీద కట్టిన నోహ్ నాటక వేదిక ఉంది. పోటు వచ్చినప్పుడు చెక్కల కింద నీళ్లు చేరతాయి. ఆ వేదిక మీద కంజిరా అయితే ఎలా పలుకుతుంది, ఘటం అయితే ఎలా అని తమ్ముడూ నేనూ తిరుగు పడవ ఎక్కేదాకా వాదించుకున్నాం.

2న ఓసాకా వెళ్లే రోజు భారీ వర్షం, రైళ్లు ఆలస్యం. బెంటో అనే భోజనం డబ్బాలు కొనుక్కుని ప్లాట్‌ఫారం మీదే తిన్నాం. ఆలస్యానికి ప్రతి పదినిమిషాలకూ క్షమాపణ ప్రకటన. 3న అక్కడి కన్సాయ్ విమానాశ్రయం నుంచి విమానం. ఇంటికి వచ్చాక చూస్తే వీణ మెట్లలో రెండు కదిలాయి, మైనం మాత్రం పగలలేదు. నా మృదంగం విజయవాడ ఉక్కలో రెండు రోజులకే మామూలు దారికి వచ్చింది.

చివరగా డబ్బు. జపాన్‌లో నివాసం లేని కళాకారులకు ఇచ్చే పారితోషికంలో 20.42 శాతం అక్కడే పన్నుగా కోసేస్తారు. లక్ష యెన్‌లకు 20,420 యెన్‌లు, అంటే పదకొండు వేల రూపాయల పైచిలుకు. ఒప్పందంలో రాసే మొత్తం పన్నుకు ముందుదా, పోగా మిగిలేదా అన్నది సంతకం పెట్టే ముందే స్పష్టం చేసుకోండి. కోసిన పన్నును ఇక్కడి మన ఆదాయపు పన్నులో తగ్గించుకోవచ్చు, దానికి మేము అప్పట్లో ఫారం 67 దాఖలు చేయాల్సి వచ్చింది. రుజువుగా అక్కడ చెల్లించినవారి నుంచి పన్ను పత్రం కావాలి. మాకు అది జనవరిలో వచ్చింది, అదీ రెండుసార్లు గుర్తు చేశాక. మా ఆడిటరుగారు జపనీస్ కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని, అంకెలు ఎటు ఉన్నాయని అడిగారు. ఆ పత్రానికి ఇంగ్లీషు ప్రతి కూడా కావాలని పిలిచినవారికి ముందే చెప్పి పెట్టండి.